క్వీన్ చివరి ఆల్బమ్ ఏది? ఎక్కడ మొదలుపెట్టాలి?

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "బొహీమియన్ రాప్సొడీ సినిమా చూసి క్వీన్ పాటలు వినడం మొదలుపెట్టాను. వాళ్ళ చివరి ఆల్బమ్ ఇన్యుయెండో అని కొందరు, మేడ్ ఇన్ హెవెన్ అని కొందరు అంటున్నారు. ఏది నిజం? చనిపోయే ముందు పాడిన పాటలు కదా, వింటే దిగులేస్తుందేమో అని ఇంకా ముట్టుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇన్యుయెండో 1991 ఫిబ్రవరిలో వచ్చింది. క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ బతికుండగా వచ్చిన ఆఖరి ఆల్బమ్ అదే. మేడ్ ఇన్ హెవెన్ 1995 నవంబర్ 6న వచ్చింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయన వదిలి వెళ్ళిన గొంతు చుట్టూ మిగిలిన ముగ్గురూ వాయించి పూర్తి చేశారు. 2008లో పాల్ రాజర్స్ అనే మరో గాయకుడితో ద కాస్మోస్ రాక్స్ అని ఒకటి వచ్చింది కానీ అందులో ఫ్రెడీ లేడు, బేస్ వాయించే జాన్ డీకన్ కూడా లేడు. అది వేరే సంగతి.

తేదీలు చూస్తే మేడ్ ఇన్ హెవెన్ చివరిది. నన్నడిగితే ఇన్యుయెండో చివరిది. నలుగురూ కలిసి ఏ పాట ఉండాలి, ఏది పోవాలి, ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకుని బయటికి పంపిన ఆఖరిది అదే కాబట్టి. నువ్వు మొదలుపెట్టాల్సింది కూడా దానితోనే. దిగులు గురించి భయం వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నేను దాన్ని ఎలా విన్నానో చెప్పాలి.

1986 నుంచి హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ ఉండేది. మీ వయసు వాళ్ళకు ఆ వ్యాపారమే తెలియదు. జనం నోట్‌బుక్ కాగితం మీద పాటల లిస్టు రాసుకుని వచ్చేవాళ్ళు. ఖాళీ క్యాసెట్ వాళ్ళు తెచ్చుకున్నా సరే, మా దగ్గర కొన్నా సరే, ఆ లిస్టు ప్రకారం పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళం. టేపు చివర జాగా మిగిలితే మేమే ఏదో ఒక పాట నింపేవాళ్ళం. ఖాళీ వదిలితే గిరాకీకి కోపం వచ్చేది, పైసలు పెట్టింది టేపు మొత్తానికి కదా అని. తర్వాత తొంభైల మధ్యలో చిన్న స్టూడియో పెట్టుకున్నాను. జానపదాలు, బతుకమ్మ పాటలు, మేడారం జాతర ముందు సమ్మక్క సారలమ్మ పాటలు రికార్డు చేశాను. ముప్పై ఏళ్ళ పాటు పాడేవాళ్ళ ఎదురుగా, గాజు అద్దానికి ఇవతల కూర్చున్న మనిషిని. నేను చెప్పేది ఆ కుర్చీలోంచి చెప్తున్నాను.

1991 ఎండాకాలంలో ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు ఒకడు వచ్చాడు. అప్పటికి అది ఇంకా నిట్ కాలేదు. కరీంనగర్ వైపు పిల్లవాడు, హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఇన్యుయెండో క్యాసెట్ తెచ్చి, "అన్నా, దీన్ని మంచి టేపు మీద ఎక్కియ్యి, ఒరిజినల్ నాది కాదు, రేపు ఇచ్చెయ్యాలె" అన్నాడు. ఆల్బమ్ మొత్తం దాదాపు 54 నిమిషాలు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ఆరు పాటలు, ఇంకో వైపు ఆరు పాటలు సరిగ్గా పట్టాయి. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "అన్నా, ఆఖరి పాట అయినంక మిగిలిన జాగల ఏం నింపకు" అన్నాడు. అలా అడిగిన గిరాకీ నాకు ఆయన ఒక్కడే. ఎందుకన్నాను. "దాని తర్వాత ఇంకోటి ఇనబుద్ధి కాదన్నా" అన్నాడు.

కాపీ చేస్తూ విన్నాను. నాకు కూడా ఒకటి చేసుకున్నాను.

ఒక సంగతి గుర్తు పెట్టుకో. ఆ ఎండాకాలం ఫ్రెడీ జబ్బు గురించి ఆ పిల్లవాడికి తెలియదు, నాకూ తెలియదు. లండన్ పత్రికల్లో పుకార్లు వచ్చేవట, మనిషి చిక్కిపోయాడని, ఎక్కడా కనిపించడం లేదని. బ్యాండు వాళ్ళు అదేం లేదనేవాళ్ళు. ఆ పుకార్లు హనుమకొండ చౌరస్తా దాకా రాలేదు. మాకు అది ఒక మంచి బ్యాండు తెచ్చిన కొత్త క్యాసెట్, అంతే. ఏడెనిమిది నెలలు అలాగే విన్నాం. షాపు షట్టర్ దించి లెక్కలు చూసుకుంటూ రోజూ రాత్రి వినేవాణ్ణి. నాకు అందులో దిగులు కనిపించలేదు. పెద్ద గొంతు, పెద్ద ధైర్యం, మధ్యమధ్య అల్లరి కనిపించాయి.

డిసెంబర్‌లో ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చాడు. కౌంటర్ మీద చేతులు ఆనించి, "అన్నా, ఆయన పోయిండు" అన్నాడు. నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉందని ఫ్రెడీ ప్రకటన ఇచ్చాడు, మరుసటి రోజు 24న లండన్‌లో తన ఇంట్లోనే కన్నుమూశాడు. 45 ఏళ్ళు. ఆ రాత్రి అదే క్యాసెట్ పెట్టాను. ఒక్క అక్షరం మారలేదు, ఒక్క స్వరం మారలేదు, కానీ నేను విన్నది ఇంకో ఆల్బమ్. ప్రతి పాటలోనూ వీడ్కోలే వినపడింది. కొన్నేళ్ళ పాటు అలాగే వినపడింది.

ఇప్పుడు నా మాట ఏమిటంటే, ఆ మొదటి వినికిడే సరైనది. ఆ నలుగురూ జబ్బు సంగతి దాచి, మామూలు ఆల్బమ్‌లాగా మన చేతిలో పెట్టారు. జాలిపడి వినకూడదనే అలా చేశారని నాకు అనిపిస్తుంది. నీకు విషయం తెలుసు కాబట్టి నాకు దొరికినంత సులువుగా ఆ వినికిడి నీకు దొరకదు. అయినా ప్రయత్నించు. మొదటి మూడు నాలుగు సార్లు పాటల గురించి ఏమీ చదవకుండా విను.

సినిమా గురించి కూడా ఒక మాట. అందులో 1985 జులై 13 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే ఆయన తన జబ్బు సంగతి బ్యాండుకు చెప్పినట్టు చూపించారు. ఆయనకు దగ్గరగా ఉన్నవాళ్ళు చెప్పేదాన్ని బట్టి జబ్బు తేలింది 1987లో. ఆ కచేరీలో చూసిన ఆ ఊపు జబ్బు సంగతి ఇంకా తెలియని మనిషిది. క్వీన్‌తో ఆయన ఆఖరి కచేరీ 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఊళ్ళు తిరగలేదు. అంటే స్టూడియో ఒక్కటే మిగిలింది. ఇన్యుయెండో అర్థం కావాలంటే ఇది తెలియాలి. వేదిక లేని గాయకుడు తన ఊపంతా మైకు ముందే పెట్టాడు.

రికార్డింగ్ 1989లో మొదలై 1990 చివరిదాకా సాగింది. కొంత లండన్‌లోని మెట్రోపోలిస్ స్టూడియోలో, కొంత స్విట్జర్లాండ్‌లో మోంట్రూ అనే సరస్సు ఒడ్డు ఊళ్ళో ఉన్న మౌంటెన్ స్టూడియోలో. అది బ్యాండు సొంతది. బ్యాండుతో పాటు డేవిడ్ రిచర్డ్స్ ప్రొడ్యూసర్. ఓపిక ఉన్న రోజు వచ్చి, ఉన్నంతసేపు పాడి వెళ్ళడమన్నమాట. సొంత స్టూడియో ఉండటం ఎంత లాభమో నాకు తెలుసు. గంటల లెక్కన అద్దె కట్టే చోట గాయకుడికి దమ్ము రాకపోతే అందరూ గడియారం వైపు చూస్తారు. ఆ చూపుకే సగం గొంతు పోతుంది.

ఇంకో మార్పు వాళ్ళు అంతకు ముందు ఆల్బమ్ ద మిరాకిల్ నుంచే చేశారు. పాట ఎవరు రాసినా పేరు క్వీన్ అనే వేశారు, డబ్బు నలుగురికీ సమానం. అంతకు ముందు నా పాట, నీ పాట అని గొడవలుండేవి. ఎవరి పాట సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాటగా వస్తే వాళ్ళకే ఎక్కువ రాబడి కాబట్టి. మా స్టూడియోలో కూడా రాసినాయనకూ బాణీ కట్టినాయనకూ పేరు దగ్గర తగువు తెగక, తయారైన క్యాసెట్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోయిన సందర్భాలు చూశాను. ఆ తగువు పోయినాక ఎవరి ఆలోచన బాగుంటే అది నిలబడింది. ఇన్యుయెండోలో ఒకరి పాటలో ఇంకొకరి చెయ్యి ఎలా కలిసిపోయిందో వింటే తెలుస్తుంది.

ఇక పాటలు. మొదటిది ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాట. ఆరున్నర నిమిషాలు. సైనికుల కవాతులా డ్రమ్ము నడుస్తుంటే, పైన గొంతు ఏదో పెద్ద పంచాయితీలో నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఉన్నట్టుండి అంతా ఆగిపోయి స్పానిష్ గిటార్ మొదలవుతుంది. యెస్ అనే బ్యాండు గిటారిస్టు స్టీవ్ హౌ చెయ్యి ఉంది అందులో. ఊరికే పలకరించి పోదామని స్టూడియోకి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వాయించమన్నారు. ఆ భాగం అయ్యాక అదే వరస కరెంటు గిటార్ మీద మళ్ళీ వస్తుంది, పిడుగు పడినట్టు. మన ఒగ్గు కథ చూసి పెరిగినవాడికి ఇది కొత్తగా అనిపించదు. కథకుడు పాట ఆపి మాటలోకి దిగుతాడు, మాటలోంచి డోలు దెబ్బలోకి, దెబ్బలోంచి చిందులోకి పోతాడు, కథ మాత్రం తెగదు. ఇంత పొడుగు పాట, రేడియోకి ఏమాత్రం పనికిరానిది, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది.

రెండోది ఐయామ్ గోయింగ్ స్లైట్లీ మ్యాడ్. మతి కొంచెం కొంచెంగా తప్పుతోందని చిలిపిగా చెప్పే పాట. ఇక్కడ గొంతును కిందికి దించి, దాదాపు మాట్లాడినట్టు పాడతాడు. మొదటి పాటలో ఆకాశమంత గొంతు విని వెంటనే ఇది వింటే ఒకడేనా అనిపిస్తుంది. వీడియోలో ముఖం నిండా తెల్ల రంగు, తల మీద విగ్గు, పక్కన పెంగ్విన్. ఆ రంగంతా ముఖం కనపడకుండా వేసుకున్నదని మనకు తర్వాత తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. నవ్వించడానికే చేశాడు, నవ్వడం తప్పేం కాదు.

మూడూ నాలుగూ పాటలు గిటార్ వాయించే బ్రయాన్ మే తన సొంత ఆల్బమ్ కోసం అనుకున్నవి, ఇటు ఇచ్చేశాడు. బాగానే ఉంటాయి, నాకు అంతగా పట్టవు. ఆరోది డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ కారు పందేల పాట, రోడ్డు మీద వినడానికి హాయి.

అయిదో పాట దగ్గర మాత్రం ఆగాలి. డోంట్ ట్రై సో హార్డ్. పాట మెల్లగా మొదలై, గొంతు మెల్లగా పైకి, ఇంకా పైకి వెళ్తుంది. పై స్థాయిలో గొంతును పలుచన చేసి, దొంగగొంతులో పాడటం చాలామందికి వచ్చు. కింది గొంతు నుంచి దాంట్లోకి మారేటప్పుడు అతుకు కనపడకుండా ఉండాలి. ఎంత పెద్ద గాయకుడికైనా అక్కడ చిన్న గరగర వస్తుంది, మేం మళ్ళీ పాడించుకుంటాం. ఆయన ఆ అతుకు ఎక్కడ వేశాడో నేను ఇప్పటికీ పట్టుకోలేకపోయాను. ఒళ్ళు కూలిపోతున్న మనిషి గొంతు మీద ఇంత పట్టు ఎలా పెట్టుకున్నాడో నాకు అర్థం కాదు. గొంతుకు బలం ఇచ్చేది పొట్ట, ఊపిరితిత్తులు. అవే ముందు అలిసిపోతాయి. మామూలుగా జబ్బు మనిషి పాడితే పాదం చివర తెలిసిపోతుంది, ఆఖరి అక్షరం నిలవదు, సగంలో గాలి అయిపోతుంది. ఈ ఆల్బమ్ మొత్తంలో పాదాల చివర్లు వెతికాను. ఎక్కడా దొరకలేదు.

రెండో వైపు మొదట ఆల్ గాడ్స్ పీపుల్. చర్చి భజనలాగా గొంతుల మీద గొంతులు పేర్చుకుంటూ పోతారు. ఆ తర్వాత దీజ్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్. దీన్ని ముఖ్యంగా రాసింది రోజర్ టేలర్. పాత రోజులు తలుచుకునే పాట. తాళం మెత్తగా, వేళ్ళతో తడుతున్నట్టు ఉంటుంది. నాకు ఈ పాట వచ్చినప్పుడల్లా భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రాలు గుర్తొస్తాయి, షాపు పెట్టక ముందు స్నేహితులం నలుగురం అక్కడ కూర్చునేవాళ్ళం. దీని వీడియో 1991 మే 30న తీశారు. కెమెరా ముందు ఆయన ఆఖరిసారి నిలబడింది ఆ రోజే. నలుపు తెలుపులో విడుదల చేశారు, మనిషి ఎంత చిక్కిపోయాడో రంగుల్లో దాగదని. బ్రయాన్ మే ఆ రోజు అమెరికాలో ఉన్నాడు, ఆయన భాగం తర్వాత తీసి కలిపారు. పెద్దగా కదలడు, ఒకే చోట నిలబడి చేతులతో, కళ్ళతో పాడతాడు. ఒంటి మీద పిల్లుల బొమ్మలున్న వెయిస్ట్ కోటు. చివరి మాట కెమెరా కళ్ళల్లోకి చూసి గుసగుసగా అంటాడు. పాటలు బాగా తెలిసినాకే ఆ వీడియో చూడు, ముందే చూడకు. ముందే చూస్తే ఇక ఆల్బమ్ అంతా ఆ ముఖమే అడ్డం వస్తుంది.

డిలైలా ఆయన పెంపుడు పిల్లి మీద పాట. బ్రయాన్ మే గిటార్‌తో మ్యావ్ అనిపిస్తాడు. ఇంత గొప్ప ఆల్బమ్‌లో ఈ పిల్లి పాటేమిటని విసుక్కునేవాళ్ళున్నారు. నాకు అది ఉండాలి. బతికి ఉన్న మనిషి ఇంట్లో పిల్లి ఉంటుంది, దాని మీద ప్రేమ ఉంటుంది. ఆయన వీలునామా రాయడానికి కూర్చోలేదు కదా. హిట్‌మన్ గట్టి గిటార్ పాట, దాటేసినా నష్టం లేదు.

బిజూ చూడు, తమాషా నిర్మాణం. మామూలుగా చరణాలు గొంతు పాడుతుంది, నడుమ గిటార్ వస్తుంది. ఇక్కడ తిరగేశారు. చరణాలన్నీ గిటార్ పాడుతుంది, నడుమ నాలుగు ముక్కలు మాత్రం గొంతు. అప్పట్లో వచ్చిన ఎల్.పి. రికార్డులో ఈ పాటను బాగా కోసేశారు, ఇంకొన్ని పాటల్ని కూడా కుదించారు. రికార్డుకు ఒక వైపు పాతిక నిమిషాలు దాటితే గాడులు ఇరుకవుతాయి, శబ్దం పలుచబడుతుంది. అందుకని నీకు ఎవరైనా పాత ఎల్.పి. ఇస్తే దాచుకో, కానీ వినడం మాత్రం పూర్తి నిడివిలో విను.

ఆఖరిది ద షో మస్ట్ గో ఆన్. జాన్ డీకన్, రోజర్ టేలర్ ఇద్దరూ వాయించుకుంటున్న ఒక వరస విని బ్రయాన్ మే పట్టుకున్నాడు, మాటలు చాలావరకు ఆయనే రాశాడు. మాదిరికి తనే దొంగగొంతులో పాడి పెట్టాడు. స్వరాలు బాగా ఎత్తుగా వచ్చాయి. ఫ్రెడీ అప్పటికి సరిగ్గా నడవలేకపోతున్నాడు. ఇది నీకు వీలవుతుందా అని మే సందేహపడ్డాడు. ఫ్రెడీ ఓ గుక్క వోడ్కా తాగి, మైకు ముందుకెళ్ళి పాడేశాడు. ఈ సంగతి మే చాలాసార్లు చెప్పాడు. వోడ్కా వల్ల పాట వచ్చిందని అనుకోకు, అది గొంతుకు చేసే మేలేం లేదు. నిలబడటానికి పనికొచ్చిందేమో. నువ్వు వినాల్సింది పాట మూడో నిమిషం తర్వాత. సీతాకోకచిలుక రెక్కల గురించిన ఆ నెమ్మది ముక్క అయిపోయాక గొంతు ఒక్కసారిగా లేస్తుంది చూడు, అక్కడ అరుపు లేదు. అంత ఎత్తులో కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినపడుతుంది. అరిచేవాడి గొంతులో అచ్చులన్నీ ఒకేలా అయిపోతాయి. ఈయన గొంతులో ఏ అచ్చు దాని చోట అది ఉంది. ఆ అక్టోబర్‌లో దీన్ని సింగిల్‌గా విడుదల చేశారు. వీడియో తీయడానికి మనిషి లేవలేని స్థితి, అందుకని పాత వీడియోల ముక్కలు కలిపి చేశారు. ఆరు వారాల్లో పోయాడు.

కొందరు మన దేశం సంబంధం గురించి అడుగుతారు. ఆయన అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం, 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లో పుట్టాడు. మహారాష్ట్రలో పంచగని సెయింట్ పీటర్స్ స్కూలు హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, పియానో నేర్చుకుంది అక్కడే, మొదటి బ్యాండు కట్టింది కూడా అక్కడే. 1964లో కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. పాటల్లో మన రాగాలు వెతికేవాళ్ళున్నారు కానీ నా చెవికి దొరకలేదు. ఎనిమిదేళ్ళకే ఇల్లు విడిచి హాస్టల్‌కు పోయిన పిల్లవాడని తెలిశాక మదర్ లవ్ పాట మాత్రం నాకు ఇంకోలా వినపడింది.

దాంతో మేడ్ ఇన్ హెవెన్ దగ్గరికి వచ్చాం.

ఇన్యుయెండో వచ్చేశాక కూడా ఆయన ఆగలేదు. ఓపిక ఉన్నప్పుడల్లా మోంట్రూ వెళ్ళేవాడు. ఏదో ఒకటి రాసివ్వండి, పాడిపెడతాను, నేను పోయాక మీరు పూర్తి చేసుకోండి అని మిగిలిన వాళ్ళతో అనేవాడట. 1991 మేలో మదర్ లవ్ పాడాడు. పక్కన వాద్యాలు కూడా లేవు, డ్రమ్ మెషీన్ తాళం ఒక్కటే. బ్రయాన్ మే ఒక పాదం రాసి ఇస్తే అది పాడడం, ఇంకోటి రాసి ఇస్తే అది పాడడం. నడుమ ఒకచోట ఇక్కడ ఇంకా పైకి వెళ్ళాలని ఆయనే పట్టుబట్టి వెళ్ళాడు. చివరి చరణం ముందు అలిసిపోయాడు. విశ్రాంతి తీసుకుని వచ్చి పూర్తి చేస్తానని వెళ్ళాడు, రాలేదు. ఆల్బమ్‌లో ఆ చరణం మే పాడాడు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్తాను, ఎవరికీ పెద్దగా చెప్పుకున్నది కాదు.

స్టూడియో పెట్టిన కొత్తలో నర్సంపేట వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. బతుకమ్మ పాటలు ఆమె నోట వింటే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఎక్కడా రాసి లేని పాటలు, ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నవి. బిడ్డ తోడుగా బస్సెక్కి వచ్చింది. ఆ రోజు ఆయాసం ఎక్కువుంది. రెండు పాదాలు పాడితే దగ్గు. "బిడ్డా, ఇయ్యాల దమ్ము అస్తలేదు, అయినా పాడుతా" అంది. నేను, "వద్దవ్వా, పండుగ అయినంక రా, మంచిగ పాడుదువు" అన్నాను. మంచిగానే చెప్పాననుకున్నాను. మంచి రికార్డింగ్ కావాలని నా ఆశ. పండుగ అయింది, అవ్వ రాలేదు, దసరా దాటి నెల తిరక్కముందే పోయిందని కబురొచ్చింది. నా దగ్గర మిగిలింది మైకు సరిచూసుకోవడానికి తీసిన నిమిషంన్నర టేపు. దగ్గు కూడా అందులో ఉంది. అది ఆమె బిడ్డకు ఇచ్చాను. మిగిలిన పాటలు అవ్వతోనే పోయాయి.

మోంట్రూలో వాళ్ళు చేసింది నేను చెయ్యనిది. దగ్గు వచ్చినా, సగమే వచ్చినా టేపు తిరగనిచ్చారు. మేడ్ ఇన్ హెవెన్ మీద "చచ్చినవాడి గొంతుతో వ్యాపారం" అనే మాట అప్పుడప్పుడు వినపడుతుంది. నేను ఒప్పుకోను. పాడినాయన అడిగి మరీ పాడి పెట్టాడు. అవ్వ తర్వాత మా స్టూడియోలో జబ్బు మనిషిని వెనక్కి పంపింది లేదు.

అయితే మేడ్ ఇన్ హెవెన్ ఒకే గుడ్డ మీద కుట్టింది కాదు, అది తెలిసే వినాలి. ఆఖరి రోజుల్లో పాడినవి కొన్నే. ఆయన చివరిగా రాసిన పాట ఎ వింటర్స్ టేల్, సరస్సు, దాని అవతల కొండలు చూస్తూ రాసుకున్నది. భయం అనేదే లేదు అందులో. ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ, మేడ్ ఇన్ హెవెన్ పాటలు ఆయన 1985 సొంత ఆల్బమ్‌లోవి, గొంతు ఉంచి చుట్టూ క్వీన్ మళ్ళీ వాయించింది. ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డేకి మూలం 1980లో ఊరికే పియానో ముందు కూర్చుని పాడుకున్న ముక్క. యూ డోంట్ ఫూల్ మీ అయితే పాట అనేదే లేని చోట డేవిడ్ రిచర్డ్స్ గొంతు ముక్కలు ఏరి, అతికి, ఒక పాట నిలబెట్టి మిగిలిన వాళ్ళకు వినిపించాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒక్కో పాటలో గొంతు చుట్టూ ఉన్న గది మారుతుంటుంది. 1985 గొంతు గుండ్రంగా, నిండుగా ఉంటుంది. 1991 గొంతు పదునుగా, మైకుకు బాగా దగ్గరగా ఉంటుంది. ఆ తేడాను చెరిపెయ్యకుండా వదిలినందుకు వాళ్ళంటే నాకు గౌరవం.

మదర్ లవ్ ఆఖర్లో మే గొంతు ఆగాక వెంబ్లీ కచేరీలో ఫ్రెడీ ఆలాపన, వేల మంది దానికి బదులు పాడటం వినపడుతుంది. దాని వెనకే 1972లో, పేరు రాకముందు ఆయన పాడిన గోయిన్ బ్యాక్ పాట ముక్క. తర్వాత పసిపిల్ల ఏడుపు. మొదటిసారి విన్నప్పుడు టేపు వెనక్కి తిరిగి పుట్టుక దాకా పోయినట్టు అనిపించింది. మా లాంటి వాళ్ళకు టేపు వెనక్కి తిప్పడం రోజూ చేసే పని, అయినా చెయ్యి ఆగిపోయింది.

నీకు వరస చెప్పమంటే: ముందు ఇన్యుయెండో, మొదటి పాట నుంచి ఆఖరి దాకా, వరస మార్చకుండా, రాత్రి పూట, ఫోన్ స్పీకర్ మీద మాత్రం కాదు. ఒక వారం అదే విను. తర్వాత దీజ్ ఆర్ ద డేస్ వీడియో చూడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగి మేడ్ ఇన్ హెవెన్. రెండూ ఒకే రోజు వినకు.

నా క్యాసెట్ ఇంకా ఉంది. లోపల టేపును ఒత్తి పట్టే మెత్త రాలిపోతే ఇంకో డబ్బాలోకి టేపు మార్చాను, అట్ట మీద నా చేతిరాత వెలిసిపోయింది. ఆ కుర్రాడు చెప్పినట్టే నా దాంట్లో కూడా చివర ఏమీ నింపలేదు. ద షో మస్ట్ గో ఆన్‌లో గొంతు మెల్లగా దూరమై వినపడకుండా పోయాక నాలుగున్నర నిమిషాల పైన టేపు మిగిలి ఉంటుంది. సన్నగా సుయ్ మనే శబ్దం ఒక్కటే. బటన్ దానంతట అది టక్కున లేచేదాకా నేను ఆపను.